బొబ్బ ఏ పొరలో లేచిందో చూడనివ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



మీ ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణం ఉంది. పల్నాడులో ఒళ్లంతా బొబ్బలు లేచిన మనిషి హైదరాబాద్ బస్సెక్కుతాడు. ఖమ్మం జిల్లా మనిషి విజయవాడ వెళ్తాడు. రెండు చోట్లా జరిగేది ఇంచుమించు ఒకటే: స్టెరాయిడ్ బిళ్లలు వెంటనే దొరుకుతాయి, జబ్బు పేరు మాత్రం చాలాసార్లు తేలదు. నేను చర్మపు బయాప్సీలు చదివే పాథాలజిస్టుని. ఉద్యోగమంతా ప్రభుత్వ కళాశాలల్లోనే చేశాను. పేరు తేలకపోవడం డాక్టర్ల తెలివితక్కువతనం వల్ల కాదు, చూసే సాధనం వాళ్ల చేతికి అందకపోవడం వల్ల. ఆ సంగతి మీ ముందు పెట్టాలనే ఈ ఉత్తరం.

ముందు జబ్బు గురించి. ఇవి కాలిన బొబ్బలు కావు, అమ్మవారు కాదు, సర్పి కాదు. అంటుకునే జబ్బు అసలే కాదు. క్రిముల మీదికి పోవలసిన యాంటీబాడీలు సొంత చర్మం మీదే పడటం వల్ల వచ్చే బొబ్బలు. సొంత ఒంటి మీదే పడతాయి కనుక వీటిని ఆటోయాంటీబాడీలు అంటారు. చర్మ కణాన్ని పక్క కణంతో, పై చర్మాన్ని కింది చర్మంతో పట్టి ఉంచే ప్రొటీన్లే వీటి గురి. పట్టు సడలిన చోట నీరు చేరి బొబ్బ లేస్తుంది. కణానికీ కణానికీ మధ్య పట్టు పోతే పెమ్ఫిగస్. పై చర్మానికీ కింది చర్మానికీ మధ్య పోతే పెమ్ఫిగాయిడ్, దాని దగ్గరి చుట్టాలు.

పెమ్ఫిగస్ ముదిరి వచ్చినవాళ్లను మన వార్డుల్లో అరటాకుల మీద పడుకోబెట్టడం మీరు ఆస్పత్రుల తనిఖీకి వెళ్లినప్పుడు చూసే ఉంటారు. దుప్పటి వేస్తే పచ్చి పుండుకి అంటుకుపోతుంది. తీసేటప్పుడు మిగిలిన చర్మం కూడా దాంతోపాటు ఊడి వస్తుంది. ఆకు అంటుకోదు, చల్లగా ఉంటుంది, పూటపూటకీ మార్చొచ్చు. నర్సమ్మలు ఆకులను కడిగి, ఆవిరి పట్టి, ఈనె తీసేసి పరుస్తారు. నోరంతా పుండ్లై మజ్జిగ కూడా మింగలేని మనిషిని ఆకు మీద ఒక పక్క నుంచి రెండో పక్కకు తిప్పడం ఎంత కష్టమో ఆ సిస్టర్లకే తెలుసు. ఇంతటి సేవ చేస్తున్న ఆస్పత్రిలో, ఆ మనిషికి వచ్చింది ఏ జబ్బో నిక్కచ్చిగా చెప్పే పరీక్ష లేకపోవడం నన్ను చాలా ఏళ్లుగా కలవరపెడుతోంది.

1953లో అమెరికాలో వాల్టర్ లీవర్ అనే చర్మవ్యాధుల డాక్టర్ పెమ్ఫిగస్ నుంచి పెమ్ఫిగాయిడ్‌ను విడదీశాడు. అంతకుముందు రెంటినీ ఒకే గంపలో వేసేవాళ్లు. 1964లో బఫెలోలో ఎర్న్‌స్ట్ బ్యూట్నర్, రాబర్ట్ జోర్డన్ పెమ్ఫిగస్ రోగుల రక్తంలో చర్మానికి అంటుకునే యాంటీబాడీలు ఉన్నాయని ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ కింద చూపించారు. ఈ జబ్బు బయటి నుంచి వచ్చింది కాదు, లోపలి నుంచి వచ్చిందనడానికి గట్టి ఆధారం అప్పుడే దొరికింది. అయితే చీకటి గదిలో పచ్చగా మెరిసే గీత చూసి, యాంటీబాడీ ఏ పొర దగ్గర ఉందో ఉజ్జాయింపుగా చెప్పగలం గానీ ఏ ప్రొటీన్ పక్కన కూర్చుందో చెప్పలేం. ఆ పని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చేసింది. 1971లో క్లౌస్ వోల్ఫ్ బృందం పెమ్ఫిగస్ యాంటీబాడీలు కణాల మధ్య ఎక్కడ పడుతున్నాయో దానితోనే చూసింది. 1975లో పెమ్ఫిగాయిడ్ చర్మంలోనూ ఆ పని జరిగింది. 1981లో దీని వల్ల ఒక జబ్బుకి కొత్త నిర్వచనమే వచ్చింది. నేను ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణం ఆ జబ్బే.

దాని పేరు ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా అక్విజిటా. డాక్టర్లం ఈబీఏ అంటాం. కొందరిలో ఇది చూడ్డానికి అచ్చం పెమ్ఫిగాయిడ్‌లాగే ఉంటుంది: అదే దురద, అవే బిగుతైన బొబ్బలు. మామూలు బయాప్సీలో రెండిట్లోనూ పై చర్మం కింద బొబ్బే కనిపిస్తుంది. ఫ్లోరసెన్స్‌లో రెండిట్లోనూ అదే సన్నటి మెరిసే గీత కనిపిస్తుంది. కానీ వైద్యం ఒకటి కాదు, జబ్బు నడక ఒకటి కాదు. పెమ్ఫిగాయిడ్ చాలామందిలో స్టెరాయిడ్‌కి లొంగుతుంది. ఈబీఏ మొండిది. స్టెరాయిడ్ ఎంత పెంచినా చాలామందిలో లొంగదు, మచ్చలు పెడుతుంది, గోళ్లు ఊడగొడుతుంది, గొంతు దాకా, కళ్ల దాకా పోగలదు.

ఈ రెంటి మధ్య తేడా ఎంత దూరంలో ఉందో చెప్తాను. పై చర్మానికీ కింది చర్మానికీ మధ్య రెండు పలుచని పొరలుంటాయి. పైది లామినా లూసిడా, 20 నుంచి 40 నానోమీటర్లు. కిందది లామినా డెన్సా, 30 నుంచి 50 నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. పెమ్ఫిగాయిడ్ యాంటీబాడీ పై పొరలో, కణాన్ని పట్టి ఉంచే హెమిడెస్మోజోమ్ అనే బిగింపుల దగ్గర కూర్చుంటుంది. ఈబీఏ యాంటీబాడీ కింది పొరకి ఇంకా కింద, కొలాజెన్ 7తో తయారైన లంగరు పోగుల మీద కూర్చుంటుంది. పొలం గట్టు మట్టిని గరిక వేళ్లు పట్టి ఉంచినట్టు ఈ పోగులు పై చర్మాన్ని కింది చర్మంలోకి గుచ్చి పట్టి ఉంచుతాయి. ఇప్పుడు లెక్క చూడండి. రెండు పొరలూ కలిపినా వంద నానోమీటర్లు దాటవు. మన ల్యాబుల్లో వెలుగుతో పనిచేసే మామూలు మైక్రోస్కోప్ ఏదైనా సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడివిడిగా చూపలేదు. అంటే రెండు జబ్బులూ దానికి ఒకే గీతగా కనపడటం ఎవరి లోపమూ కాదు, వెలుగు స్వభావమే అంత. ఎలక్ట్రాన్‌కి ఆ అడ్డంకి లేదు.

ఒక రోగి గురించి చెప్పనివ్వండి. మిరప కోతలకు వెళ్లే ఆమె. మొదట ఒళ్లంతా దురద, బొబ్బలు. పెమ్ఫిగాయిడ్ అని రాసి స్టెరాయిడ్ మొదలుపెట్టారు. తగ్గిస్తే బొబ్బలు తిరిగొచ్చేవి, పెంచితే కొంత ఆగేవి. అలా ఏళ్లు గడిచాయి. షుగర్ వచ్చింది, కంట్లో శుక్లం వచ్చింది, వెన్నుపూస కుంగి నడుం వంగింది. ఎక్కడ రాపిడి తగిలితే అక్కడే బొబ్బ లేచేది: వేళ్ల కణుపుల మీద, మోచేతుల మీద, మోకాళ్ల మీద. మానిన చోట మచ్చ, ఆ మచ్చలో గసగసాలంత తెల్లటి గింజలు. ఆ గింజలు చూసిన ఒక యువ చర్మవ్యాధుల డాక్టరమ్మకి అనుమానం వచ్చింది. అంతకుముందు ఒక ఆస్పత్రిలో తీసిన బయాప్సీ ముక్కంతా ఫార్మలిన్‌లో వేసేశారు. ఫార్మలిన్‌లో పడిన ముక్క మీద మామూలు ఫ్లోరసెన్స్ పరీక్ష పనిచేయదు, ఆ ముక్క వృథా అయినట్టే. ఆమె ఒంటి నుంచి మళ్లీ ముక్క తీయాల్సి వచ్చింది.

ఈసారి మూడు ముక్కలు, ఒక్కోటి నాలుగు మిల్లీమీటర్ల పంచ్. కొత్త బొబ్బ అంచున ఒకటి, అది ఫార్మలిన్‌కి. బొబ్బకి దగ్గరగా, కానీ బొబ్బలేని చర్మం నుంచి రెండోది ఫ్లోరసెన్స్‌కి, మూడోది ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కి. బొబ్బ మీదే తీస్తే యాంటీబాడీలు చెదిరిపోయి ఉంటాయి, అందుకే పక్క చర్మం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ముక్కని ఎలా నిలవ చేస్తామన్న దగ్గరే అసలు కష్టం. గ్లుటరాల్డిహైడ్, ఆస్మియం అనే రసాయనాలు గట్టిగా పట్టిస్తే పొరలన్నీ చక్కగా కనిపిస్తాయి గానీ యాంటీబాడీని గుర్తుపట్టే వీలు పోతుంది. పట్టించకపోతే యాంటీబాడీ దక్కుతుంది, పొరలు చెదిరిపోతాయి. రెండిటికీ మధ్య దారి వెతుక్కోవాలి. పలుచని ఫిక్సేషన్, చలిలో గట్టిపడే రెజిన్, తొందరపడని చేయి, ఈ మూడూ కుదరాలి.

రెజిన్‌లో బిగిసిన ఆ ముక్కని వజ్రపు కత్తితో 60, 70 నానోమీటర్ల మందాన కోస్తారు. కోసిన పొర కత్తి వెనకున్న చిన్న నీటి తొట్టిలో తేలుతుంది. దాని మందాన్ని కొలిచే స్కేలు ఏదీ ఉండదు. నీటి మీద అది వెండి రంగులో మెరిస్తే మందం సరిపోయినట్టు, బంగారు రంగుకి తిరిగితే మందమైనట్టు. వెండి పొరను మూడు మిల్లీమీటర్ల నికెల్ జాలీ మీదికి ఎత్తి, మనిషి యాంటీబాడీల్లో ఒక రకమైన ఐజీజీని పట్టుకునే మరో యాంటీబాడీ చుక్క మీద ఆ జాలీని బోర్లిస్తారు. ఆ యాంటీబాడీకి పది నానోమీటర్ల బంగారు రేణువులు కట్టి ఉంటాయి. రోగి చర్మంలో ఆటోయాంటీబాడీ ఎక్కడుంటే బంగారం అక్కడికే చేరుతుంది. కడిగి, యురేనియం లవణంతో రంగు పట్టించి, యంత్రంలో పెడతారు. ఎలక్ట్రాన్లు బంగారాన్ని దాటి పోలేవు కనుక అవి నల్లటి గుండ్రటి చుక్కలుగా కనిపిస్తాయి.

ఆమె చర్మంలో ఆ చుక్కలు పై పొరలో లేవు. లామినా డెన్సా నల్లటి గీతకి దిగువన, లంగరు పోగుల మధ్య గుంపులు గుంపులుగా ఉన్నాయి. అది ఈబీఏ. స్టెరాయిడ్ నెమ్మదిగా తగ్గించి కోల్చిసిన్, డాప్సోన్ వైపు మళ్లారు, చేతులకి రాపిడి తగలకుండా ఏం చేయాలో నేర్పారు. బొబ్బలు పూర్తిగా పోలేదు గానీ చాలా తగ్గాయి. కుంగిన వెన్నుపూస మాత్రం తిరిగి రాలేదు. మొదటి నెలలోనే ఆ చుక్కలు చూసి ఉంటే ఆమె నడుం నిటారుగా ఉండేదని నా నమ్మకం.

మంత్రులారా, ఊరూరా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ పెట్టమని నేను అడగడం లేదు. అది తెలివైన ఖర్చూ కాదు. చాలామంది రోగులకి దాని అవసరమే రాకుండా చేయొచ్చు, కింది మెట్లు సరిగా కడితే. ఇప్పుడు ఆ మెట్లే లేవు.

మొదటి మెట్టు ఒక చిన్న సీసా. ఫ్లోరసెన్స్ ముక్కని భద్రంగా ఊళ్లు దాటించే ద్రవాన్ని మిషెల్ మీడియం అంటారు. 1970ల నుంచి లోకమంతా వాడుతోంది. అందులో ఎక్కువ భాగం అమ్మోనియం సల్ఫేట్, మన రైతులు పొలంలో చల్లే ఎరువే, ల్యాబ్ శుద్ధిలో. దానికి మెగ్నీషియం సల్ఫేట్, సిట్రేట్ బఫర్, ఎన్-ఇథైల్ మాలిమైడ్ కలిపి పీహెచ్ సరిచేస్తారు. ఇందులో చివరిది విషపదార్థం, జాగ్రత్తగా కలపాలి. మెడికల్ కాలేజీ బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో కలిపి జిల్లా ఆస్పత్రులకు పంచొచ్చు. ఇందులో వేసిన ముక్క ఐస్ లేకుండానే కొన్ని రోజులు చెడకుండా ఉంటుంది. ఆర్టీసీ కార్గోలో వేస్తే రాత్రికి రాత్రి చేరుతుంది. అది కూడా దొరకని రోజున మామూలు సెలైన్‌లో వేసి ఒక రోజులోపు చేర్చినా పనికొస్తుంది. ఈ ఒక్క సంగతి జిల్లా ఆస్పత్రి థియేటర్ గోడ మీద రాసి పెట్టినా ఎన్నో బయాప్సీలు దక్కుతాయి. ఒక మనిషి చర్మం కోసి తీసిన ముక్కని తప్పు సీసాలో వేసి పారేసుకోవడం కంటే బాధాకరమైనది మా వృత్తిలో ఇంకొకటి లేదు.

తర్వాత ప్రతి ప్రభుత్వ మెడికల్ కాలేజీలోనూ పనిచేసే ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్, ముక్కని గడ్డకట్టించి కోసే క్రయోస్టాట్, యాంటీబాడీ కిట్లకి ఏటా తప్పకుండా డబ్బు. యంత్రం కొని కిట్లకి నిధులివ్వకపోతే అది గుడ్డ కప్పుకుని మూల కూర్చుంటుంది. అలాంటి యంత్రాలను నేను చాలానే చూశాను. ఫ్లోరసెన్స్‌లో ఒకేలా కనిపించే ఆ గీతనే ఇంకాస్త శ్రద్ధగా చూస్తే చాలా వివరం దొరుకుతుందని 2004లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ డాక్టర్లు చూపించారు. పలుచని సెక్షన్‌ని ఎక్కువ మాగ్నిఫికేషన్‌లో చూస్తే పెమ్ఫిగాయిడ్ గీత వంపులు ఇంగ్లిషు చిన్న ఎన్ అక్షరంలా ఉంటాయి, ఈబీఏలో అదే గీత యు అక్షరంలా పైకి తెరుచుకుని ఉంటుంది. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, నేర్చిన కన్ను చాలు. వారం రోజుల శిక్షణతో మన పీజీ పిల్లలు నేర్చుకోగలరు.

ఇంకో మెట్టు ఉప్పు. ఒక మోలార్ ఉప్పునీటిలో, నాలుగు డిగ్రీల చలిలో రెండు మూడు రోజులు ఉంచితే చర్మం సరిగ్గా లామినా లూసిడా దగ్గర రెండుగా విడిపోతుంది. అప్పుడు యాంటీబాడీ ఆ చీలిక పైకప్పు మీద మెరిస్తే పెమ్ఫిగాయిడ్ వైపు, నేల మీద మెరిస్తే ఈబీఏ వైపు. ఫ్రిజ్, ఉప్పు, ఓపిక, ఇవి ఏ కాలేజీలో లేవు?

నేల మీద మెరిసిందని చెప్పినా కథ ముగిసిపోదు. అక్కడ ఈబీఏ ఒక్కటే ఉండదు. లామినిన్ 332 మీద యాంటీబాడీలున్న పెమ్ఫిగాయిడ్ కూడా నేల మీదే మెరుస్తుంది. అది ఎక్కువగా నోరు, కళ్లు, గొంతు పొరలను పట్టుకుంటుంది, కొందరిలో లోపల దాగిన కేన్సర్‌తో కలిసి వస్తుంది. ఆ రోగికి కేన్సర్ వెతకాలా వద్దా అన్నది ఈ జవాబు మీదే ఆధారపడుతుంది. రక్తంలో యాంటీబాడీలను వెతికే ఎలైసా పరీక్షలు సాయపడతాయి. కానీ ఈబీఏ రోగుల్లో చాలామందికి యాంటీబాడీ చర్మంలో ఉంటుంది గానీ రక్తంలో దొరకదు. అలాంటివాళ్లకే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. ఎవరికైతే కింది మెట్లన్నీ జవాబు చెప్పలేక ఆగిపోయాయో వాళ్లకి. అలాంటివాళ్లు ఏడాదికి ఎక్కువ మంది ఉండరు. కానీ ఆ కొద్దిమందికి ఇంకో తలుపు లేదు.

యంత్రం కూడా కొత్తగా కొననక్కర్లేదు. 1931లో బెర్లిన్‌లో మాక్స్ నోల్‌తో కలిసి మొదటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తయారుచేసి, 1986లో నోబెల్ అందుకున్న ఎర్న్‌స్ట్ రస్కా పేరు మీద హైదరాబాద్ రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో ఒక ల్యాబే ఉంది. తార్నాక దగ్గర సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థ ఉంది. యంత్రాలు అక్కడున్నాయి, రోగులు మన వార్డుల్లో ఉన్నారు. మధ్యలో లేనిది ఒక ఒప్పందం, బంగారు రేణువుల యాంటీబాడీకి కొంత డబ్బు, చర్మం చదవడం నేర్చిన ఒక టెక్నీషియన్, ఒక పాథాలజిస్టు. రెండు రాష్ట్రాలూ కలిసి ఒక్క రిఫరెన్స్ కేంద్రానికి సంతకం పెడితే సరిపోతుంది. ఇక్కడ రాష్ట్రాల లెక్కలు తెచ్చి ఆపొద్దని ఇద్దరికీ నా విన్నపం.

ఇంత అరుదైన జబ్బుకి ఇంత ఏర్పాటా అని మీ ఫైలు మీద ఎవరో రాస్తారు. వాళ్లకి రెండు మాటలు. కిడ్నీ బయాప్సీ సరిగ్గా చదవాలన్నా ఇదే ఫ్లోరసెన్స్, చాలాసార్లు ఇదే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. ఉద్దానం కిడ్నీ రోగుల బాధ తెలిసిన ప్రభుత్వానికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. చర్మానికి కట్టిన మెట్లు కిడ్నీకీ పనికొస్తాయి. రెండోది, వైద్యం మన దగ్గర ఉంది. పెమ్ఫిగస్‌కి పల్స్ పద్ధతిలో స్టెరాయిడ్, సైక్లోఫాస్ఫమైడ్ ఇవ్వడం 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో జె.ఎస్. పస్రిచా తీసుకొచ్చిన మన దేశపు దారి. రిటుక్సిమాబ్‌ను పెమ్ఫిగస్‌కి అమెరికా 2018లో ఆమోదించింది. ఆ మందు బయోసిమిలర్‌ను 2007లోనే హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ తయారుచేసి అమ్మింది. ఇంత బలమైన మందు ఇదే ఊళ్లో తయారవుతుంటే, అది ఎవరికివ్వాలో తేల్చే పరీక్ష కోసం పేదవాడి బయాప్సీ వేరే రాష్ట్రానికి కొరియర్‌లో పోతోంది. ఆ కొరియర్ ఖర్చు, ల్యాబ్ ఫీజు చాలాసార్లు రోగి ఇంటివాళ్లే పెట్టుకుంటున్నారు. కూలీ మనిషికి అది వారాల కూలి. ఏ పథకం కింద చేర్చినా సరే, ఈ పరీక్షలకి రోగి జేబులోంచి పైసా పోకుండా చూడండి.

శిక్షణకి మనుషులు దొరకరేమోనని వెనకాడవద్దు. ఈ పని చేసి రిటైరైనవాళ్లం రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాం. కాలేజీకి వచ్చి, పిల్లల పక్కన కూర్చుని, మైక్రోస్కోప్‌లో ఎన్ ఏదో యు ఏదో చూపించడానికి మాకు జీతం అక్కర్లేదు. మిషెల్ మీడియం సీసాల సరఫరాకి ఒక ఉత్తర్వు, మెడికల్ కాలేజీల కిట్లకి ఏటా ఒక పద్దు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకి ఒక ఒప్పందం. ఈ మూడిటిలో మొదటిదానికి కొత్త బడ్జెట్ కూడా అక్కర్లేదు, ఈ వారమే ఇవ్వొచ్చు. మీ కార్యాలయం నుంచి పిలుపు వస్తే మీడియం తయారీ కాగితం, బయాప్సీ ఎక్కడ తీయాలో చూపే బొమ్మ తెలుగులోనే వేసి తీసుకొస్తాను.

భవదీయుడు,
ఒక చర్మ పాథాలజిస్టు